ఇంటి గోడ మీద మోడర్న్ ఆర్ట్: గోదావరి జిల్లాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లు, పాత డాబాకి మళ్లీ రంగులు వేయించుకున్నవాళ్లు హాల్లో ఒక ఖాళీ గోడ చూపించి అడిగే ప్రశ్నలివి. అమలాపురం, మండపేట, భీమవరం, నరసాపురం వైపు ఇళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాను. హైదరాబాదు ఫ్లాట్లకి పనికొచ్చే సలహా ఇక్కడ చాలాసార్లు పనికిరాదు. కారణం చెమ్మ. దాని గురించి కింద కాస్త ఎక్కువే ఉంది. బొమ్మ ఎంచుకోకముందే అది చదివినా మంచిదే.

మోడర్న్ ఆర్ట్ అంటే ఏది? మోనాలిసా కూడా అందులోకే వస్తుందా?

రాదు. మోనాలిసా వయసు 500 ఏళ్లు. సుమారు 1860ల నుంచి 1970ల దాకా వచ్చిన పనిని మోడర్న్ ఆర్ట్ అంటారు. వాన్ గో, సెజాన్, మాటిస్, పికాసో, కాండిన్‌స్కీ ఆ కోవలోని వాళ్లు. మన దేశంలో అమృతా షేర్‌గిల్, జామినీ రాయ్, హుస్సేన్ వస్తారు. ఇంట్లో పెట్టుకునేవాళ్లకి ఈ గీత అంత ముఖ్యం కాదు. ఫర్నిచర్ షాపుల్లో "మోడర్న్ ఆర్ట్" అని అమ్మే ఏడు గుర్రాలు, బంగారు ఆకులు, మూడు ముక్కల పూలకుండీ మాత్రం సోఫాకి మ్యాచింగ్ కింద లెక్క. సోఫా మారిన రోజున అవీ మారిపోతాయి.

డబ్బు సంగతి వదిలేయండి. కలే కదా, ఏ బొమ్మయినా తెచ్చుకోవచ్చు అంటే ఏది తెచ్చుకోవాలి?

ఈ ప్రశ్నకి చాలామంది నోట వెంటనే వచ్చే పేర్లు: వాన్ గో 'స్టారీ నైట్', పికాసో 'గెర్నికా', క్లిమ్ట్ 'ది కిస్', డాలీ కరిగిపోయే గడియారాలు. వీటన్నిటినీ ఫోనులోనే చూస్తాం కాబట్టి అన్నీ ఒకే సైజు అనిపిస్తాయి. గెర్నికా దాదాపు 3.5 మీటర్ల ఎత్తు, 7.8 మీటర్ల వెడల్పు. అంటే అటూ ఇటుగా 25 అడుగుల గోడ కావాలి. మండువా లోగిలిలో కూడా అంత పొడుగు గోడకి మధ్యలో ఏదో ఒక గుమ్మం అడ్డొస్తుంది. ది కిస్ 180 సెంటీమీటర్ల చదరం, మనిషి ఎత్తు ఉంటుంది. స్టారీ నైట్ చూస్తే 92 × 74 సెంటీమీటర్లే. ఇక డాలీ గడియారాల బొమ్మ ('ది పర్సిస్టెన్స్ ఆఫ్ మెమరీ', 1931) 33 × 24 సెంటీమీటర్లు, ఏ4 కాగితం కంటే కొంచెం పెద్దది!

అందుకే నేను మొదట అడిగేది గోడ కొలత. అసలు సైజులో, లేదా దానికి దగ్గరి సైజులో పెట్టుకోగలిగిన బొమ్మనే కలగనండి. డాలీది అయిదు అడుగులకి సాగదీసి సోఫా వెనక కట్టినవాళ్లున్నారు. దగ్గరికి వెళ్లి కళ్లు చికిలించి చూడాల్సిన బొమ్మ అది. నడవాలో, చదువుకునే బల్ల పక్కన కంటి ఎత్తులో పెడితే దాని పని అది చేస్తుంది. గెర్నికాని మూడడుగులకి కుదిస్తే నలుపు తెలుపు పట్టీ మిగులుతుంది. పైగా అది 1937 ఏప్రిల్‌లో స్పెయిన్‌లోని ఒక ఊరి మీద బాంబులు వేసి జనాన్ని చంపినందుకు పికాసో వేసిన బొమ్మ. భోజనాల బల్ల ఎదురుగా దాన్ని పెట్టుకోవడం మీ ఇష్టం, నేనైతే పెట్టను.

ఇంకో పరీక్ష: ప్రింటులో ఎంత మిగులుతుంది? వాన్ గో రంగు దట్టంగా, మెత్తినట్టు వేస్తాడు. ప్రింటులో ఆ ఎత్తుపల్లాలు పోయి చదునవుతుంది. ప్రింటు మీద పారదర్శకమైన జెల్ పూసి "టెక్స్చర్" అని అదనంగా వసూలు చేస్తారు, ఆ జెల్ గీతలకీ వాన్ గో గీతలకీ పొంతన ఉండదు. క్లిమ్ట్ బంగారు రేకు వాడాడు. మామూలు ఇంకులో అది ఆవపిండి రంగుకి దిగిపోతుంది. చదునైన రంగులు, గట్టి గీతలతో వేసినవి ప్రింటులో బాగా నిలబడతాయి. మాటిస్ చివరి రోజుల్లో రంగు కాగితాలు కత్తిరించి చేసినవి, పాల్ క్లే రంగు గళ్లు, మోండ్రియన్ ఎరుపు నీలం పసుపు చదరాలు ఆ రకం.

మన వైపు హాలుకి నేను ఎక్కువసార్లు చెప్పే పేరు అమృతా షేర్‌గిల్. అజంతా, దక్షిణాది చూసొచ్చాక 1937లో ఆమె వేసిన 'సంతకి వెళ్తున్న దక్షిణ భారత గ్రామస్థులు', 'బ్రహ్మచారులు', 'పెళ్లికూతురి అలంకరణ' అనే మూడు బొమ్మలున్నాయి. ఆ ఎర్రమట్టి రంగు, ఆ నల్లటి మనుషులు తెల్ల గోడ మీద ఎంత బాగుంటారో చూస్తే గానీ తెలియదు.

ప్రింటు పెట్టుకుంటే నామోషీ కాదా? ఎవరైనా "ఒరిజినలా?" అని అడిగితే?

"ప్రింటండీ" అని చెప్పండి, అంతే. హుస్సేన్ 1954లో వేసిన 'గ్రామ యాత్ర' 2025 మార్చిలో న్యూయార్క్ వేలంలో సుమారు 118 కోట్ల రూపాయలకి పోయింది. అంతకు ముందు దశాబ్దాల పాటు అది నార్వేలో ఒక ఆసుపత్రి నడవాలో వేలాడింది. ఆ లెక్కలు వేరే లోకానివి.

ప్రింటు అనేది తక్కువ పని కూడా కాదు. రవివర్మ 1894లో సొంతంగా ప్రెస్సు పెట్టించి లక్ష్మీ సరస్వతుల్ని అచ్చు వేయించాడు కాబట్టే అవి సామాన్యుల ఇళ్లలోకి వచ్చాయి. జామినీ రాయ్ మధ్యతరగతి ఇళ్లకి అందేలా తక్కువ ధరకి, ఒకే బొమ్మని మళ్లీ మళ్లీ వేసి ఇచ్చేవాడు.

కొన్నిటిలో ప్రింటే ఒరిజినల్. ఎచింగ్ అంటే రాగి లేదా జింకు పలక మీద గీసి, దాని మీద నుంచి కాగితం మీదకి తీసే అచ్చు. చిత్తూరు జిల్లాలో పుట్టి పారిస్‌లో పేరు తెచ్చుకున్న కృష్ణారెడ్డి, మెదక్ వైపు నుంచి వచ్చిన లక్ష్మాగౌడ్ ఈ పనిలో దిట్టలు. అలాంటి అచ్చు కింద పెన్సిల్‌తో 12/100 అని రాసి ఉంటే, వంద తీసిన వాటిలో పన్నెండోది అని అర్థం. పక్కన కళాకారుడి సంతకం ఉంటుంది. పోస్టరుకీ దీనికీ ధరలో చాలా తేడా ఉంటుంది కాబట్టి కొనేటప్పుడు ఏది కొంటున్నారో ఖచ్చితంగా అడగండి.

మా ఊళ్లో ఫ్లెక్స్ షాపులో ప్రింటు తీయించుకోవచ్చా?

ఫ్లెక్స్ వద్దు. అది పుట్టినరోజు శుభాకాంక్షలకీ, నాయకుల స్వాగతానికీ పుట్టిన సరుకు. దూరం నుంచి కనిపించడానికి చేసింది కాబట్టి దగ్గరికి వస్తే చుక్కలు చుక్కలుగా ఉంటుంది. మెరుపు ఎక్కువ, కొన్నాళ్లు వాసన కూడా వేస్తుంది. అదే షాపులో చాలాసార్లు మ్యాట్ కాగితం, కాన్వాస్ కూడా ఉంటాయి. "మీరు వాడే ఇంకు పిగ్మెంటా, డైయా?" అని అడగండి. పిగ్మెంట్ ఇంకు ఎక్కువ కాలం వెలవకుండా ఉంటుంది. అడిగినది అర్థంకాక మొహం చూస్తే ఇంకో షాపుకి వెళ్లండి. రాజమండ్రి, కాకినాడల్లో పెళ్లి ఆల్బమ్‌లు చేసే పెద్ద ల్యాబ్‌ల దగ్గర విచారించడం మేలు.

అసలు చిక్కు ఫైలుతో వస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో పొడుగు వైపు సుమారు 1600 పిక్సెళ్లకి కుదించుకుపోతుంది. అంగుళానికి 150 చుక్కల చొప్పున లెక్కేస్తే అది 10 అంగుళాల బొమ్మకే సరిపోతుంది. 30 అంగుళాల ప్రింటుకి కనీసం 4500 పిక్సెళ్లు కావాలి, దగ్గర్నుంచి చూసే బొమ్మ అయితే ఇంకా ఎక్కువ. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి కాపీరైట్ తీరిన బొమ్మల పెద్ద ఫైళ్లు ఉచితంగా ఇస్తోంది. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ కూడా ఇస్తుంది. అక్కడి నుంచి తెచ్చిన ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి.

ఆర్డరు ఇచ్చేటప్పుడు రెండు సంగతులు మరిచిపోవద్దు. షాపువాళ్లకి 36 × 24 అంగుళాలు అలవాటు. స్టారీ నైట్ ఆ కొలతలో ఇమడదు. అందులో పెట్టాలంటే పైన ఆకాశమో కింద ఊరో కోసేయాలి, లేదా సాగదీయాలి. దానికి 30 × 24 సరిగ్గా సరిపోతుంది. రెండోది, కాన్వాస్‌ని చెక్క చట్రానికి చుట్టేటప్పుడు బొమ్మ అంచులు పక్కలకి మడతపడి పోతాయి. చుట్టూ రెండేసి అంగుళాలు ఖాళీ వదిలి ప్రింటు తీయమనండి.

ఇలా ప్రింటు తీయించుకోవడం చట్టప్రకారం తప్పా?

బొమ్మని బట్టి ఉంటుంది. మన దేశంలో చిత్రాల మీద కాపీరైట్ కళాకారుడి జీవితకాలం, ఆ పైన 60 ఏళ్లు. చనిపోయిన మరుసటి జనవరి నుంచి ఆ 60 లెక్కపెడతారు. పూర్వం 50 ఏళ్లే ఉండేది. 1941లో పోయిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల హక్కులు 1991తో తీరిపోబోతుంటే గడువు పొడిగించి 60 చేశారు. ఒక కవి కోసం మొత్తం దేశం లెక్క మారింది!

వాన్ గో (1890), క్లిమ్ట్ (1918), క్లే (1940), అమృతా షేర్‌గిల్ (1941), మోండ్రియన్, కాండిన్‌స్కీ, మంక్ (ముగ్గురూ 1944), మాటిస్ (1954) పోయి 60 ఏళ్లు దాటాయి. వీళ్లవి ఇక్కడ నిశ్చింతగా తీయించుకోవచ్చు. జామినీ రాయ్ 1972లో పోయాడు, 2032 చివరిదాకా హక్కులుంటాయి. పికాసో 1973, అంటే 2033 చివరిదాకా. డాలీకి 2049, హుస్సేన్‌కి 2071.

సొంత వాడకానికి న్యాయమైన మేరకు వాడుకోవడాన్ని కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. కానీ ఆ వెసులుబాటు ప్రింట్లు తీసి అమ్మే షాపుకి రాదు, హోటలు రిసెప్షన్‌లో పెట్టుకునేవాళ్లు దాని మీద ఆధారపడలేరు. హక్కులున్న బొమ్మ కావాలంటే మ్యూజియం షాపులోనో, అనుమతి ఉన్న ప్రచురణకర్త దగ్గరో పోస్టరు కొనుక్కోవడం తేలిక. టెన్షన్ ఉండదు, రంగులు కూడా సరిగ్గా ఉంటాయి.

చెమ్మ గురించి అంత భయపెడుతున్నారు. నిజంగా అంత పాడు చేస్తుందా?

చేస్తుంది. మ్యూజియంలు గాలిలో తేమ 50 శాతం చుట్టుపక్కల ఉండేలా చూసుకుంటాయి. 65, 70 దాటితే బూజు మొదలవుతుంది. మన దగ్గర జూన్ నుంచి డిసెంబరు దాకా 70 దాటని రోజుకోసం వెతుక్కోవాలి. ఒక పక్క కాలవ, ఇంకో పక్క వరి చేను, భీమవరం ఆకివీడు వైపు అయితే చుట్టూ చేపల చెరువులు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి అదనం. మేకులు తుప్పుపట్టి, తీగ తెగి, అర్ధరాత్రి పటం కిందపడ్డాక గానీ దాని సంగతి ఎవరికీ గుర్తురాదు. స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు, స్టీలు తీగ వాడండి.

ముందు గోడని పరీక్షించండి. అడుగు చదరపు పాలిథిన్ ముక్కని నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా గోడకి అంటించి రెండు రోజులు వదిలేయండి. తీసి చూస్తే గోడవైపు నీటి బిందువులు ఉన్నాయంటే గోడే చెమ్మ తాగుతోందని. పైవైపు ఉంటే గదిలో గాలే అంత తేమగా ఉందని. మొదటిదయితే ఆ గోడ మీద ఎంత మంచి పటం కట్టించినా దండగే. అడుగున ఉప్పు తేలి, పుట్టీ పెచ్చులూడే గోడ, బాత్రూముతో కలిసిన గోడ, వాన జల్లు నేరుగా కొట్టే బయటి గోడ, ఈ మూడూ వదిలేయండి. ఇంటి లోపలి అడ్డుగోడ అన్నిటికంటే మంచిది.

పటం గోడకి అతుక్కోకూడదు. వెనక నాలుగు మూలలా రబ్బరు బుడిపెలు గానీ బెండు ముక్కలు గానీ అంటిస్తే ఒక సెంటీమీటరు ఖాళీ వస్తుంది, గాలి ఆడుతుంది. ఆ ఖాళీలో బల్లులు కాపురం పెడతాయి, కందిరీగలు మట్టి గూళ్లు కడతాయి. దానికి మందు లేదు. నెలకోసారి పటం ఎత్తి చూసుకోవాలి. వెనక భాగాన్ని టేపుతో పూర్తిగా మూయించుకుంటే కనీసం అవి లోపలికి రావు. వెనక్కి ఎండిఎఫ్, పాత అట్ట, పల్చటి ప్లైవుడ్ పెట్టనివ్వకండి. ఎండిఎఫ్ తేమకి ఉబ్బుతుంది, మిగతావి చెదలకి విందు. ఫోమ్ బోర్డు గానీ ఏసీపీ షీటు (అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉన్న పలక) గానీ అడగండి.

వంటింటి పోపు పొగ, దేవుడి గది అగరుబత్తి పొగ తగిలే చోట రెండేళ్లలో తెలుపు కాస్తా గోధుమరంగుకి తిరుగుతుంది. తడిగుడ్డతో తుడవద్దు. అద్దం మీద కూడా నీళ్లు చిమ్మకుండా, గుడ్డకి రాసుకుని తుడవాలి. లేకపోతే నీరు అంచుల నుంచి లోపలికి జారుతుంది.

1986 ఆగస్టు వరదో, 2022 జులై వరదో చూసిన లంకల వాళ్లకి నేను చెప్పేదేం లేదు. పటాల్ని కొక్కేలకి తగిలించుకోవాలి గానీ గోడకి బిగించేయకూడదు. అప్పుడే ఒక్క చేత్తో తీసి మేడ మీదకి పట్టుకుపోగలరు. తడిసిపోతే పటం విప్పి, బొమ్మని పైకి ఉండేలా శుభ్రమైన గుడ్డ మీద పరిచి ఫ్యాను గాలికి ఆరబెట్టండి. ఎండలో వేయవద్దు. బొమ్మ అద్దానికి అతుక్కుంటే లాగకండి. లాగితే రంగు అద్దానికే మిగులుతుంది.

పటం కట్టించేటప్పుడు షాపతనికి ఏం చెప్పాలి?

దేవుడి పటాలు కట్టే షాపే ఈ పనీ చేస్తుంది, చాలాచోట్ల చక్కగా చేస్తుంది. కాకపోతే వాళ్ల అలవాటు బొమ్మని అద్దానికి ఆనించి బిగించడం. కాగితం ప్రింటుకి అది పనికిరాదు. చుట్టూ రెండున్నర, మూడు అంగుళాల మౌంటు బోర్డు, అంటే మధ్యలో కిటికీలా కత్తిరించిన మందపాటి అట్ట పెట్టించండి. అది అందానికే కాదు, అద్దానికీ కాగితానికీ మధ్య ఎడం ఇస్తుంది. యాసిడ్ లేని బోర్డు దొరికితే అదే అడగండి. బంగారు పూత, నగిషీ ఫ్రేము మోండ్రియన్‌కి వేస్తే చూడలేం. సన్నటి నలుపు, తెలుపు, లేదా పాలిష్ చేసిన టేకు చాలు. కాన్వాస్ మీద నూనె రంగుల బొమ్మకి అద్దం అక్కర్లేదు.

ఎంత ఎత్తులో తగిలించాలి?

మన ఇళ్లలో తాతగారి ఫొటో లింటెల్ పైన, ముందుకి వంచి ఉంటుంది. పెద్దల్ని తలెత్తి చూడాలి కాబట్టి అది సబబే. బొమ్మని అలా పెడితే మెడ నొప్పి తప్ప ఏమీ రాదు. నేల నుంచి బొమ్మ మధ్యకి 145 నుంచి 150 సెంటీమీటర్లు, మ్యూజియంలు పాటించే లెక్క ఇదే. సోఫా పైన అయితే సోఫా అంచు నుంచి జానెడు ఎడం.

దేవుడి పటాల పక్కన పెట్టవచ్చా?

పెట్టకూడదనేమీ లేదు గానీ, రెంటికీ చూపు వేరు. ఒకటి దండం పెట్టుకునేది, రెండోది చూస్తూ కూర్చునేది. 1915 డిసెంబరులో పెట్రోగ్రాడ్‌లో జరిగిన ప్రదర్శనలో మలేవిచ్ తన 'నల్ల చదరం' బొమ్మని గది పై మూలకి, గోడలు కలిసే చోట తగిలించాడు. రష్యా ఇళ్లలో అది దేవుడి బొమ్మలు పెట్టుకునే మూల. చూసినవాళ్లు ఊరుకోలేదు. ఆయన కావాలనే చేశాడు, మీకు ఆ తగాదా అవసరమా? దేవుడి మూలని వదిలేసి ఎదురు గోడ తీసుకోండి.

వాస్తు ప్రకారం ఏ దిక్కు?

ఎండ నేరుగా పడని దిక్కు.

నగ్న చిత్రం తెచ్చాను. అత్తయ్యగారు ఒప్పుకోవట్లేదు. ఎలా?

గుడి గోపురాల మీద లేవా అని వాదించకండి. వాదనలో గెలిచినా బొమ్మ గోడ మీద నిలవదు. హాలు అందరిదీ, పడకగది మీది. మాటిస్ నీలి రంగు స్త్రీని మీ గదిలో పెట్టుకుని, హాల్లో ఆయనే 1912లో వేసిన ఎర్ర చేపల గాజు పాత్ర పెట్టండి. చేపల చెరువున్న ఇంట్లో దాన్ని కాదనేవాళ్లు నాకింకా తగల్లేదు.

"ఇదేం బొమ్మ, మా బుడ్డోడు కూడా గీస్తాడు" అనే చుట్టాలకి ఏం చెప్పాలి?

కోప్పడకుండా కాఫీ ఇవ్వండి. ఆ తర్వాత సంక్రాంతి ముగ్గు గుర్తుచేయండి. చుక్కలు పెట్టి మెలికలు తిప్పిన ముగ్గుని చూసి "ఇది ఏం బొమ్మ?" అని ఎవరూ అడగరు. గీత ఎక్కడ వంకర పోయిందో, ఏ చుక్క తప్పిందో మాత్రం ప్రతి అత్తకీ తెలుసు. బొమ్మ దేనిలాగో ఉండాలన్న నియమం లేకుండానే బాగుందో లేదో చెప్పగల కన్ను మన వీధుల్లో ఎప్పటి నుంచో ఉంది.

మాటలతో కాక గోడతోనే జవాబు చెప్పాలంటే మోండ్రియన్ చెట్లు మూడు వరసగా పెట్టండి. 'ఎర్ర చెట్టు' (1908–10) చూస్తే చెట్టని పసిపిల్లలకీ తెలుస్తుంది. 'బూడిదరంగు చెట్టు' (1911)లో కొమ్మలు వంపులుగా మారిపోతుంటాయి. 'పూసిన ఆపిల్ చెట్టు' (1912)కి వచ్చేసరికి వంపులే మిగులుతాయి. చెట్టు నుంచి చదరాల దాకా ఆయన నడిచిన దారి అది. ఆ మూడింటి ముందు నిలబడ్డ మావయ్యలు కాసేపు మాట్లాడటం మానేస్తారు.

అంతా విదేశీ పేర్లేనా? మన గోదావరి వాళ్లు లేరా?

లేకేం, నా లెక్కలో అక్కడి నుంచే మొదలెట్టాలి. దామెర్ల రామారావు 1897లో రాజమండ్రిలో పుట్టాడు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన చేతిని గుర్తించి బొంబాయి జె.జె. చిత్రకళా స్కూలుకి వెళ్లేలా తోడ్పడ్డాడు. తిరిగొచ్చి రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టాడు. 28 ఏళ్లు కూడా నిండకుండా 1925లో మశూచితో పోయాడు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారులే. ఆ పాఠశాలని తర్వాత నడిపించినవాడు మిత్రుడు వరదా వెంకటరత్నం. రాజమండ్రిలో రామారావు పేరుతో ఉన్న ఆర్ట్ గ్యాలరీలో 'పుష్పాలంకార', 'సిద్ధార్థ రాగోదయం' లాంటివి కళ్లారా చూడొచ్చు. పుష్కరాలకి వెళ్లి స్నానం చేసి వచ్చేసిన వాళ్లలో ఎంతమంది ఆ మెట్లెక్కారో!

ఇది అచ్చంగా పికాసో తరహా మోడర్న్ కాదు. రవివర్మ తైలవర్ణాల పద్ధతినీ, అటు బెంగాల్ పద్ధతినీ కాకుండా ఆంధ్రుల తరహా ఏదో ఉండాలని వెతికిన పని. మన మనుషులు, మన చీరకట్టు కనిపిస్తాయి. కాపీరైట్ ఎప్పుడో తీరింది. అయినా గ్యాలరీలో ఫొటో తీయాలంటే ముందు అక్కడి సిబ్బందిని అడగండి.

కూల్డ్రే శిష్యుల్లోనే ఇంకొకరు భీమవరం వైపు నుంచి వచ్చిన అడివి బాపిరాజు. నవలలు రాసినవాడిగానే ఎక్కువమందికి తెలుసు, బొమ్మలు వేసిన చేయి కూడా అదే. నరసాపురంలో పుట్టిన బాపు సరేసరి. 2014లో పోయారు కాబట్టి హక్కులు 2074 చివరిదాకా ఉంటాయి, ఫేస్‌బుక్కులో దొరికింది కదా అని ప్రింటు తీయించకండి.

ఇక్కడి ఆర్టిస్టు చేత చేత్తో కాపీ వేయించుకోవచ్చా?

కాపీరైట్ తీరినదైతే నిక్షేపంగా. ఫ్లెక్సులు రాకముందు సినిమా హోర్డింగులు వేసినవాళ్లు, గుళ్లకి బొమ్మలు వేసేవాళ్లు ఇంకా మన ఊళ్లలో ఉన్నారు. గళ్లు గీసి ఎంత పెద్ద బొమ్మనైనా ఎక్కించగలరు. వాన్ గో దట్టమైన రంగు కావాలంటే ప్రింటు కంటే వీళ్ల పనే మేలు. మూడు షరతులు పెట్టుకోండి. వాన్ గో సంతకం వేయకూడదు. వేసినవాళ్లు కాన్వాస్ వెనక తమ పేరు, "ఫలానా బొమ్మకి కాపీ" అని రాయాలి. సైజు అసలు దానికంటే కొంచెం తేడాగా ఉండాలి. రేపు మీ మనవలు దాన్ని ఒరిజినల్ అనుకుని మోసపోకుండా, ఎవరినీ మోసం చేయకుండా ఉంటారు. బేరం ఆడకండి.

ఎప్పటికైనా ఒక ఒరిజినల్ కొనాలని ఉంది. ఏం చూసుకోవాలి?

కాగితాలు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో, ఎక్కడ ప్రదర్శించారో, బిల్లు ఎవరిచ్చారో. జామినీ రాయ్, హుస్సేన్ పేర్లతో నకిలీలు మార్కెట్లో విపరీతం. చవగ్గా దొరికిందంటే అనుమానించాల్సిందే. బతికున్న కళాకారుడి దగ్గరే నేరుగా కొంటే ఈ గొడవ ఉండదు.

రవివర్మ, అమృతా షేర్‌గిల్, జామినీ రాయ్, నందలాల్ బోస్, ఠాగూర్ల కుటుంబంలో ముగ్గురు, శైలోజ్ ముఖర్జీ, నికొలస్ రోరిక్, ఈ తొమ్మిదిమంది పనులు జాతీయ సంపద. కొనొచ్చు, అమ్మొచ్చు, దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న అబ్బాయికి పంపిద్దామనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. అమ్మితే వచ్చే లాభం మీద పన్ను కూడా ఉంటుంది. ఇంట్లో సామాను అనే మినహాయింపు పెయింటింగులకి వర్తించదు.

లైటు ఎలా ఉండాలి?

కాగితం మీది బొమ్మలకి మ్యూజియంలు 50 లక్స్ వెలుతురే ఇస్తాయి, నూనె రంగులకి 200 దాకా. మన వసారాలో పగటి వెలుతురు దానికి ఎన్నో రెట్లు. కిటికీ ఎదురు గోడ వద్దు, కిటికీ పక్క గోడ తీసుకోండి. ఎల్ఈడీ అయితే 2700 నుంచి 3000 కెల్విన్, అంటే పసుపు ఛాయ ఉన్న వెలుతురు. రంగులు సరిగ్గా కనపడాలంటే సీఆర్ఐ (రంగుల్ని ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 పైన ఉన్నది. తెల్లటి ట్యూబులైటు కింద షేర్‌గిల్ ఎరుపులు చచ్చిపోతాయి.

అద్దె ఇల్లు, మేకు కొట్టనివ్వరు.

బీరువా పక్కన బల్ల మీద, గోడకి ఆనించి నిలబెట్టండి. అడుగున జారకుండా రబ్బరు ముక్క. అంటించే కొక్కేలు మన సున్నం గోడల మీద వానాకాలంలో ఊడిపోతాయి.

కొన్నాళ్లకి బోర్ కొడితే?

కొడుతుంది. అందుకే వెనక నుంచి తెరవగలిగే ఫ్రేము ఒకటి చేయించుకుని, అదే సైజులో నాలుగైదు ప్రింట్లు తీయించుకోండి. వానాకాలం పోగానే ఒకసారి, ఎండాకాలం మొదట్లో ఒకసారి మార్చుకోవచ్చు. దించినవాటిని గొట్టంలో చుట్టి అటక మీద పడేయకండి, ఆ వేడికి పెళుసెక్కుతాయి. రెండు శుభ్రమైన అట్టల మధ్య, మధ్యలో బటర్ పేపర్ వేసి, బీరువా పై అరలో పరిచి పెట్టండి. మంచం కింద మాత్రం వద్దు. వరద రాకపోయినా చెదలు వస్తాయి.